అమ్మోరి గుప్పెడు

అమ్మ జీడిపప్పు ఒలుస్తోంది. నేను ఎదురుగా కూర్చుని ఒలిచినవాటిలో విరగని గుండు ఒకవైపు, విరిగిన బద్ద ఒకవైపు వేరు చేస్తున్నాను. ఫ్యాను వేస్తే పొట్టు ఇల్లంతా ఎగురుతుంది కాబట్టి వెయ్యం. చెమట పడితే ముంజేత్తోనే తుడుచుకోవాలి. వేళ్ళు తడిస్తే పప్పుకి మచ్చ పడుతుంది.

వదిన బడి నుంచి వచ్చి గడప మీద కూర్చుంది. సంచిలోంచి అరచెయ్యంత తూకం మిషను తీసి నేల మీద పెట్టింది. పలాసలో కొన్నదట.

“అత్తా, ఒలవని పప్పు ఓ గుప్పెడు ఇవ్వు. తూచి ఇచ్చీత్తాను.”

అమ్మ చెయ్యి ఆగింది. “ఏటికి?”

“ట్రైనింగుకి.”

“పంతుళ్ళు పప్పు ఒలుత్తారేటి?”

“ఒలవాలి. ఈసారి వాళ్ళ చేతే ఒలిపిత్తాను.”

“జీతాలిచ్చి మరీ ఒలిపించుకుంటన్నాదన్నమాట గవర్నమెంటు,” అంది అమ్మ. నవ్వకుండానే ఓ గుప్పెడు తీసి ఇచ్చింది. వదిన ఆ గుప్పెడు తూచి, విడిగా ఒలిచి, పప్పు ఒకసారి, పొట్టు ఒకసారి మళ్ళీ తూచింది. ఆ పని అయ్యేవరకూ అమ్మ చూపు మిషను మీది ఎర్ర అంకెల మీంచి కదల్లేదు.

ఆ పప్పు మాది కాదు. పలాసలో ఓ ఫ్యాక్టరీ నుంచి ఢిల్లీరావు మావ తెస్తాడు. పొద్దున్న మా వీధిలో ఇంటింటికీ తూచి పోస్తాడు, సాయంత్రం ఒలిచింది తూచి, కూలి కట్టి, పట్టుకుపోతాడు. పొట్టు కింద కొంత తగ్గుతుంది కదా, ఆ తగ్గేది ఎంతో ఎవరూ లెక్క కట్టి చెప్పుకోలేదు. అందాజు మీద నడిచిపోతోంది.

ఆ అందాజులోనే అమ్మోరి గుప్పెడు ఉంది. పని మొదలెట్టే ముందు మా వీధిలో ప్రతి ఆడమనిషీ బేసినులోంచి ఓ గుప్పెడు తీసి, కళ్ళకద్దుకుని, అమ్మోరి పటం ముందు గిన్నెలో పోసి మూత పెడుతుంది. సాయంత్రానికి అది పిల్లల నోట్లోకో, చుట్టాలొస్తే పాయసంలోకో పోతుంది. ఢిల్లీరావు మావకి ఈ సంగతి తెలుసు. సాయంత్రం తూచేటప్పుడు కాటా మీద బేసిను పెట్టి, తనేమో కొబ్బరిచెట్ల వైపు చూస్తాడు. “ఈ ఏడు కాపు బాగున్నాదప్పా,” అంటాడు. అమ్మ “ఏం బాగు, పురుగు పట్టినాది,” అంటుంది. అంతలో తూకం అయిపోతుంది. ఎవరూ ఎవర్నీ అడిగింది లేదు, ఎవరూ ఇచ్చిందీ లేదు.

వదినది ఈ ప్రాంతం కాదు. ఇచ్ఛాపురం అవతల డొంకూరు. వాళ్ళది చేపలు పట్టే ఇల్లు. అన్నయ్య మణికంఠ ఆటో నడుపుతాడు, వదిన మా ఊరి ప్రైమరీ బడిలో టీచరు. పెళ్ళై రెండేళ్ళైనా పప్పు ఒలవడం సరిగ్గా రాలేదు. గోరు దిగేసి బద్ద చేసేస్తుంది. అందుకని అమ్మ ఆమెని బేసిను దగ్గరకి రానివ్వదు.

మా మండలం, పక్క మండలం టీచర్లకి టెక్కలిలో రెండు విడతల శిక్షణ పెట్టారు. మొదటి విడత అయ్యాక నెల్లాళ్ళు బడుల్లో చేసి చూడాలి, తర్వాత రెండో విడతలో ఏమైందో చెప్పుకోవాలి. అది ఎలా జరగాలో తయారుచేసే పని వదినకి అప్పజెప్పారు. ఆ పనిలో పడ్డాక వదిన తీరే మారింది. ముందుగది గోడకి చార్టు అంటించి, దాని మీద ఒకే వాక్యం రాసేది. మర్నాడు కొట్టేసి మళ్ళీ రాసేది.

“ఒక్క ముక్క రాయడానికి ఇన్ని రోజులేటి వదినా?” అన్నాను.

“ఆ ముక్కే కష్టం. ఇన్నాళ్ళూ ట్రైనింగంటే వెళ్ళాం, విన్నాం, టీ తాగాం, సంతకం పెట్టాం, వచ్చీసాం. ఏ పిల్లకి ఏమొచ్చిందో ఎవరికీ తెల్దు. ఈసారి చివరి నుంచి మొదలెడతన్నాను. ఇదంతా అయ్యాక పిల్ల ఏం చెయ్యగలగాలి? చేసిందని మనకెలా తెలుత్తాది? ఆ రెండూ తేలాకే ఏ పని ఇవ్వాలో చూసుకోవాలి. ఆ పని కూడా ముందు టీచర్లు తమ చేతుల్తో చేసి చూడాలి.”

చివరికి చార్టు మీద నిలబడ్డ వాక్యం ఇది: పిల్ల తన ఊరిలో జరిగే పని ఒకదాన్ని తూచి, కొలిచి, ఎంతలో ఎంత తగ్గుతోందో లెక్క కట్టి, అది ఎందుకో నలుగురికీ చెప్పగలగాలి.

అమ్మ ఐదు చదివింది. ఆ సాయంత్రం చార్టు ముందు నిలబడి కూడబలుక్కుని చదివింది. వదిన వంటింట్లో ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది.

“ఊర్లో ఇన్ని పనులుండగా దీనికి మన పప్పే దొరికిందేటి?”

“దగ్గరగా ఉన్నాది కదమ్మా.”

“కొబ్బరి లేదేటి? కొబ్బరి తూసుకోమను. కాయ కాయకీ లెక్కే.”

వదిన రెండుసార్లు పొట్టు పొట్లం కట్టి సంచిలో పెట్టుకోవడం నేనూ చూశాను. ఓసారి అమ్మోరి గిన్నె మీద మూత ఎత్తి, లోపలికి చూసి, మళ్ళీ పెట్టేసింది. నేను గుమ్మంలో ఉన్నానని ఆమెకి తెలియదు. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు కానీ, ఆ రోజు నుంచి నా మనసులోనూ ఏదో నలుగుతూనే ఉంది.

మర్నాటికి వీధిలో పడింది మాట. ఎదురింటి అప్పలమ్మ చేట పట్టుకుని మా అరుగు మీదికొచ్చి కూర్చుంది.

“ఓలె పోలమ్మా, మీ కోడలు కాటా ఎట్టుకుని తిరుగుతున్నాదట. ఫ్యాక్టరీ షావుకారు గానీ ఉద్యోగమిచ్చేడేటి?”

“బడి పనంటన్నాది.”

“బడి పనైతే బళ్ళో సేసుకోవాల. నా మనవరాలు ధరణి మొన్న నా బేసిను కాడ కూకుని నా సెయ్యే సూత్తన్నాది. ఏటే అలాగ సూత్తన్నావంటే, ఇంట్లో పనులెలాగ సేత్తారో సూసి రమ్మన్నారు టీచరమ్మ అంటాది. కన్నం ఇంట్లోనే ఉన్నాది మనకి.”

“దొంగతనం సేత్తన్నామేటి మనం, భయపడ్డానికి?” అంది అమ్మ.

“నానలాగన్నేనేటి? నువ్వే అన్నావు.”

ఇద్దరూ ఒలవడంలో పడ్డారు. వెళ్ళేటప్పుడు అప్పలమ్మ తన చేట కింద రాలిన పొట్టు కూడా ఊడ్చి పట్టుకుపోయింది. ఎప్పుడూ అలా చేసింది కాదు.

శిక్షణ రోజున సామాను మొయ్యడానికి సాయం రమ్మంది వదిన. అమ్మ వెంటనే వెళ్ళమంది. అంత తొందరగా ఒప్పుకుందంటే ఎందుకో నాకు తెలుసు. చెప్పులేసుకుంటుంటే చెవి దగ్గరకొచ్చి, “ఏటంటాదో విను,” అంది.

టెక్కలి హైస్కూలు హాల్లో టీచర్లు గుంపులుగా కూర్చున్నారు. నేను వెనక గోడ దగ్గర సంచుల పక్కన కూర్చున్నాను. వదిన వాక్యాన్ని బోర్డు మీద రాసి, ఒక్కో గుంపుకీ ఒలవని పప్పు, ఓ తూకం మిషను ఇచ్చింది. వాళ్ళకీ అనుమానమే. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ తారకేశ్వరరావు మాస్టారు లేచి నిలబడ్డారు.

“అమ్మా, ముందు ఒక్కటి సెప్పండి. చివరికి దీన్ని ఏ యాప్‌లో ఎక్కించాలి?”

“ఎక్కడా ఎక్కించక్కర్లేదు సార్.”

“ఫోటో కూడానా?”

“ఫోటో కూడా.”

ఆయన పక్కాయన వైపు తిరిగి, “ఇందులో ఏదో ఉంది,” అన్నారు. హాలంతా నవ్వింది.

కానీ చేతికి పప్పొచ్చాక మాటలు తగ్గాయి. ఒలిచారు, విరగ్గొట్టారు, ఒకరిద్దరు నోట్లో వేసుకుని తూకం కుదరక తిట్లు తిన్నారు. నౌపడ నుంచొచ్చిన వరప్రసాదు సారు మా దగ్గర జీడిపప్పు లేదు, ఉప్పు మడి ఉంది, బిందెడు ఉప్పునీళ్ళు ఎండితే ఎంత ఉప్పొస్తుందో చూస్తామన్నారు. వదిన మొహం వెలిగింది. అదే కావాలి సార్, అంది. పప్పే కానక్కర్లేదు, వాక్యం మాత్రం మారకూడదు, ఆ వాక్యం చివరికొచ్చిందో లేదో చూసుకోండి అంది. గుంపుకొకరు లేచి ఎంత తగ్గిందో, ఎందుకు తగ్గిందో చెప్పారు. చెప్పలేకపోయిన గుంపు మళ్ళీ తూచింది. అందరి లెక్కలూ ఇంచుమించు ఒకచోటికే వచ్చాయి.

అప్పుడు తారకేశ్వరరావు మాస్టారు మళ్ళీ లేచారు. ఈసారి వెటకారం లేదు.

“బళ్ళో లెక్క సరే. ఇంటికాడ తూకంలో ఇంతకన్నా ఎక్కువ తగ్గిందనుకోండి. పిల్ల ఏం సెయ్యాల?”

“అడగాలి సార్. ఎందుకు తేడా వచ్చిందో ఆ పని చేసేవాళ్ళనే అడిగి తెలుసుకోవాలి. అసలు ప్రాజెక్టు అక్కడే ఉంది.”

నాకు మా అమ్మోరి గిన్నె గుర్తొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు అన్నయ్య ఆటోలో వదిన సంతోషంగా ఏదేదో చెబుతోంది. ఆమె మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. ఈమెకి తెలిసే అడిగిస్తోందా, తెలియకనా? తెలిస్తే ఇంత మామూలుగా ఎలా మాట్లాడుతుంది? తెలియకపోతే ఆ రోజు మూతెత్తి చూసింది ఏమిటి? అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే, లేనిపోనిది నేనే చెప్పినట్టవుతుంది. ఊరుకున్నాను. ఇంటికొచ్చాక అమ్మ, “ఏటంది?” అంటే, “లెక్కలు,” అన్నాను.

తర్వాతి వారం వదిన తన ఐదో తరగతిలో ఆ పని మొదలెట్టింది. పిల్లలు బళ్ళో ఒలిచారు, తూచారు. ఇంట్లో పొద్దుటి తూకం, సాయంత్రం తూకం చూసి రమ్మంది.

ఆ సాయంత్రం ఢిల్లీరావు మావ వచ్చేసరికి వీధి అంతా అరుగుల మీదే ఉంది. అప్పలమ్మ బేసిను కాటా మీదికెక్కింది. మావ కొబ్బరిచెట్ల వైపు తిరిగాడు.

“మావా,” అంది ధరణి. “పొట్టు ఇంతే పోవాల కదా. మాం బళ్ళో తూసినాం. ఇక్కడ మరి కొంచెం ఎక్కువ పోనాది. అది ఎక్కడికెల్లినాది?”

పిల్ల గొంతులో దురుసు లేదు. తెలుసుకుందామని అడిగింది, బళ్ళో నేర్పినట్టే.

మావ మెల్లగా ఇటు తిరిగాడు. మొదటిసారి కాటా వైపు చూశాడు. ఫ్యాక్టరీ లారీ డ్రైవరు కూడా అక్కడే బీడీ తాగుతూ నిలబడి ఉన్నాడు. మావ అతని వైపు చూసి, మళ్ళీ కాటా వైపు చూశాడు.

“నీకేటి తెలుసే గుంటా, లోపలికి పో,” అంటూ అప్పలమ్మ పిల్ల రెక్క పట్టుకుని లాగింది. ధరణి ఏడుపు మొహంతో వదిన కోసం మా ఇంటి వైపు చూసింది. వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆ పిల్ల మొహం చూసి ఆమెకి ఏదో అర్థమైనట్టుంది, గుమ్మం పట్టుకుంది.

మావ అన్ని ఇళ్ళ బేసినులూ తూచాడు. ఆ రోజు కాపు గురించి మాట్లాడలేదు. మా ఇంటి దగ్గరకొచ్చి అమ్మతో, “అప్పా, నానిన్నాళ్ళూ సూడనట్టున్నాను. ఇప్పుడు పిల్ల అడిగీసినాది, డ్రైవరు ఇన్నాడు. సూసినట్టయిపోనాది. నా సేతిలో ఏట్లేదు,” అన్నాడు.

“రేపు పప్పు తెత్తావా?”

“షావుకారేటంటాడో సూడాల.”

అతను వెళ్ళాక వీధి ఆడవాళ్ళందరూ మా అరుగు ముందుకొచ్చారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“మరేటంటావు పోలమ్మా?” అంది అప్పలమ్మ. “టీచరమ్మ జీతం మొదటి తారీకుకి వత్తాది. మా మాటేటి?”

“పిల్లలకి ఒక్క మాట సెప్పమను,” అంది వెనకనుంచి ఇంకొకామె. “మిషను పాడైపోనాది, లెక్క తప్పని సెప్పమను. పిల్లలు మర్సిపోతారు. డ్రైవరికీ మనం అదే సెప్పుకుంటాం.”

అమ్మ తల ఊపింది. వాళ్ళు వెళ్ళిపోయారు.

అమ్మ లోపలికొచ్చి ముందు నా ఎదురుగా నిలబడింది. “నువ్వే సెప్పినావా?”

“లేదమ్మా.”

“మరెవులు సెప్పేరు దానికి? మన ఇంట్లో ముగ్గురమే ఆడోళ్ళం.”

నేను చెప్పలేదన్నది నిజం. అమ్మ కళ్ళలోకి చూస్తూ ఆ నిజం చెప్పినా అబద్ధంలాగే వినబడింది నాకే.

“సుస్మిత నాకేం చెప్పలేదు అత్తా,” అంది వదిన. నేల మీద కూర్చుని ఉంది. “గిన్నె నేనే చూసేను. మూత తీసి చూసేను. అమ్మోరిది అనుకున్నాను.”

“అమ్మోరిదే.”

“మా ఊళ్ళో వలలో పడ్డ మొదటి చేప గంగమ్మకి తీసీస్తారు. తూకానికి ముందే తీసీస్తారు, బేరగాడి ఎదురుగానే తీస్తారు. ఇదీ అలాగే అనుకున్నాను. ఢిల్లీరావు మావతో చెప్పే తీస్తున్నారనుకున్నాను. పొద్దుటి తూకంలోంచి అది ముందే పోయిందనుకుని లెక్క కట్టించేను. చెప్పకుండా తీస్తున్నారని నాకు తెల్దు.”

“తెలిస్తే సేసుందువు కాదేటి?”

“ప్రాజెక్టుకి పప్పు పెట్టకపోదును,” అంది వదిన.

అన్నయ్య ఆటో పెట్టి లోపలికొచ్చాడు. సంగతి అప్పటికే వీధి మొదట్లో విన్నట్టున్నాడు. “ఓ గుప్పెడు పప్పుకి ఇంత సభేటమ్మా?” అని నవ్వబోయాడు. అమ్మ చూసిన చూపుకి చొక్కా విప్పుకుంటూ పెరట్లోకి పోయాడు.

అమ్మ వదినకి ఎదురుగా కూర్చుంది. “అయిందేదో అయిపోనాది. మిషను తప్పని రేపు పిల్లలకి సెప్తావా?”

“అత్తా, ఆ మాట నేను చెప్తే రేపట్నుంచి ఆ పిల్లలు ఏ తూకాన్నీ నమ్మరు. తప్పు లేకుండా లెక్క చేసిన ధరణి తనదే తప్పనుకుంటాది. ఆ పిల్లకి అంత బాగా రావాలనే కదా ఇదంతా.”

“సెప్పవన్నమాట.”

“ఇంకోటి చెయ్యొచ్చు. తేడా ఎందుకొచ్చిందో పిల్లలకి చెప్పాలి కదా. నువ్వే బడికొచ్చి చెప్పు. మా వీధిలో ఇలా తీస్తాం, ఇందుకు తీస్తాం అని. నీ పక్కన నేను నిలబడతాను.”

అమ్మ చాలాసేపు తన వేళ్ళ వైపు చూసుకుంది. గోళ్ళ సందుల్లో ఎర్రపొట్టు.

“అది అడిగి తీసుకున్నది గాదు. దొంగిలించిందీ గాదు. దాన్నేటనాలో మాకే తెల్దు. మా అత్త తీసినాది, నాను తీసినాను. పేరెట్టి పిల్లల ముందర సెప్తే, దొంగతనమన్న పేరొకటే మిగుల్తాది. అది నా నోటితో సెప్పమంటన్నావా?”

వదిన తల దించుకుంది. “చెప్పొద్దు,” అంది.

“మిషను తప్పని సెప్తావా?”

“చెప్పలేను అత్తా.”

“సరే,” అంది అమ్మ. ఆ తర్వాత వదినతో మాట్లాడలేదు. అన్నాలు పెట్టింది, వదినకీ పెట్టింది. కూర అందరికీ సమానంగా వేసింది. కానీ ఎవరి వైపూ చూడలేదు.

మర్నాడు ఢిల్లీరావు మావ పప్పు లేకుండా ఉత్త చేతుల్తో వచ్చాడు. ఇళ్ళకి పప్పివ్వడం ఈ వీధికి ఆపెయ్యమన్నాడట షావుకారు. కావలసినవాళ్ళు ఫ్యాక్టరీ షెడ్డుకొచ్చి ఒలుచుకోవచ్చు. పొట్టు కూడా తూస్తారు. బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర ఒకామె కొంగు విప్పి చూస్తుంది. ఆ కొంగు మాట చెప్పేటప్పుడు మావ కొబ్బరిచెట్ల వైపు చూశాడు.

అప్పలమ్మ తలుపు వేసేసుకుంది. ధరణి వారం బడికి రాలేదు. వదిన వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళింది. రెండోసారి పిల్లని అరుగు మీద కూర్చోబెట్టుకుని ఏదో మాట్లాడింది. నేను మా గుమ్మంలోంచి చూశాను కానీ వినబడలేదు. పిల్ల తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

వదిన రెండో విడతకి కొత్త చార్టు మొదలెట్టింది. వాక్యం అదే. దాని పైన మాత్రం ఇంకోటి చేర్చింది: ఏ ఇంటి పనిని ప్రాజెక్టుగా తీసుకుంటామో, పిల్లలకి చెప్పడానికి ముందు టీచరు ఆ ఇంట్లో కూర్చుని, ఏం అడగబోతున్నామో వాళ్ళకే చెప్పి, అడగొచ్చో లేదో కనుక్కోవాలి. అది రాసి నన్ను పిలిచి చదివించింది.

“తారకేశ్వరరావు మాస్టారు నవ్వుతారేమో,” అంది.

“నవ్వరు,” అన్నాను. ఆ హాల్లో ఆ ప్రశ్న వేసినప్పుడు ఆయనకేమైనా తెలుసా అన్న అనుమానం మాత్రం నాకు పోలేదు. ఆయనదీ ఈ పక్క ఊరే.

అమ్మ వచ్చి చార్టు ముందు నిలబడింది. ఈసారి కూడబలుక్కోలేదు, పెదాలు కదపకుండా చదివింది. ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంది.

పొద్దున్న లేచేసరికి అమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుంటోంది. షెడ్డుకి వెళ్ళే ఆడవాళ్ళ ఆటో వీధి చివర హారన్ కొట్టింది. వదిన వంటింట్లోంచి క్యారేజీ పట్టుకొచ్చి అరుగు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. ఎవరు చెబితే ఎప్పుడు లేచి వండిందో నాకు తెలియదు.

అమ్మ క్యారేజీ వైపు చూసింది. వంగి మూత తీసి లోపల ఏముందో చూసింది. పై గిన్నె తీసి కింది గిన్నె కూడా చూసింది. మళ్ళీ అన్నీ సర్ది, మూత బిగించి, చేతిలోకి తీసుకుంది. చెప్పులేసుకుని, మా ఇద్దరి వైపూ తిరక్కుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.